ట్రాక్ గీయడం వీడియో చూస్తే రాదు: వ్యాయామ విద్యలో ఫోన్ పాఠం, గ్రౌండ్ పని

ఆంధ్రప్రదేశ్‌లో బీపీఈడీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సులో సీటు కోసం పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తున్నామని అందరూ అంటారు. నిజానికి అందులో రాసేది ఏమీ ఉండదు. పరుగెత్తాలి, దూకాలి, షాట్‌పుట్ వేయాలి, తనకు వచ్చిన ఆట ఒకటి ఆడి చూపించాలి. కాబట్టి తిరుపతిలోనో చిత్తూరులోనో వ్యాయామ విద్య కోర్సులో మొదటిరోజు అడుగుపెట్టే కుర్రవాడికి ఆట కొత్తగా నేర్పనక్కర్లేదు. ఆట మీదే అతను సీటు తెచ్చుకున్నాడు. పుత్తూరు నుంచి కబడ్డీ ఆడి వచ్చినవాడు ఉంటాడు, పలమనేరు నుంచి వాలీబాల్ ఆడి వచ్చిన అమ్మాయి ఉంటుంది.

మరి ఆ తర్వాత ప్రాక్టికల్స్ పేరుతో నేర్పేది ఏమిటి? ఉపాధ్యాయ కోర్సులను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014లో ఇచ్చిన నిబంధనల తర్వాత బీపీఈడీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్ల కోర్సు అయింది. అంత సమయం దేనికి అన్నది తేలకుండా ఆన్‌లైన్ అనీ ప్రాజెక్టు అనీ ఎంత మాట్లాడినా దండగే. ప్రాక్టికల్ అంటే ఆడటమే అన్న అలవాటు ఇంకా పోలేదు: పొద్దున ఆరింటికి గ్రౌండ్, వార్మప్, నాలుగు రౌండ్లు, ఒక ఆట, హాజరు. ఒంటికి మంచిదే. కానీ రేపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ సార్‌గా చేరినప్పుడు, ఆయన వంద మీటర్లు ఎన్ని సెకన్లలో పరుగెత్తుతాడని ఎవరూ అడగరు. అరవై మంది పిల్లలను, రెండు బంతులను, ఓ పక్క ముళ్లకంప పెరిగిన గ్రౌండ్‌ను అప్పగించి, వచ్చేవారం మండల స్థాయి పోటీలకు టీమ్‌ను తీసుకెళ్లమంటారు.

అప్పుడు కావలసిన పనులు వేరు. కోర్టు గీయాలి. పిల్లల శక్తి ఎంతో కొలవాలి. ఎనిమిదో తరగతి పిల్ల దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి ఎందుకు వంగుతోందో చూసి సరిచేయాలి. వచ్చిన టీములకు ఫిక్చర్, అంటే ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడాలన్న పట్టిక, వేయాలి. ఎవరికైనా చీలమండ బెణికితే ముందు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియాలి. అంటే ఆడటం వచ్చినవాడికి ఆడించడం నేర్పాలి. బీపీఈడీలో ప్రాక్టికల్ నైపుణ్యం అనాల్సింది దీన్నే.

ఈ పనులకు ఒక పోలిక ఉంది. ఏదీ ఒక పీరియడ్‌లో అయిపోయేది కాదు. ముందు లెక్క, తర్వాత సామాను, తర్వాత మనుషులు, చివర ఫలితం. ఆ ఫలితం దాచినా దాగదు. కోర్టు సరిగ్గా వచ్చిందో లేదో టేపు పెడితే తెలిసిపోతుంది. కాబట్టి వీటిని ప్రాజెక్టుగా మార్చాల్సిన పనే లేదు, అవి ప్రాజెక్టులే. వాటిని నలభై ఐదు నిమిషాల ముక్కలుగా కోసి, రికార్డు పుస్తకంలో బొమ్మలుగా మార్చింది మనమే. చేస్తూ నేర్చుకోవాలని 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం పేరుతో చెప్పిన మాటను విద్యాశాస్త్రం పేపర్లో ఐదు మార్కుల ప్రశ్నగా చదువుకుని, పక్క పీరియడ్‌లో ట్రాక్ బొమ్మ స్కెచ్ పెన్నుతో గీసుకోవడం ఒక వింత.

చిత్తూరుకు దగ్గరే ఉన్న మద్రాసులో హెచ్.సి. బక్ 1920లో వైఎంసీఏ వ్యాయామ విద్య కళాశాల పెట్టారు. అక్కడి నుంచి లెక్కేసుకుంటే దక్షిణాదిలో ఈ శిక్షణకు వందేళ్లు దాటాయి. ఇన్నేళ్లలో గ్రౌండ్ పెద్దగా మారలేదు. విద్యార్థి జేబులో ఉన్న వస్తువు మాత్రం మారింది. పాఠం చెప్పగలది, సెకనును ముక్కలు చేసి చూపగలది, స్టాప్‌వాచ్‌గా పనికొచ్చేది ఒకటే వస్తువు ఇప్పుడు ప్రతి ఒక్కరి దగ్గరా ఉంది. కొంత ఆన్‌లైన్‌లో, కొంత ఎదురుగా చెప్పే మిశ్రమ బోధన అన్న పెద్దమాట వెనక ఉన్న అసలు సంగతి ఇంతే.

ఏది ఫోన్‌లోకి, ఏది గ్రౌండ్‌లోకి

యూజీసీ 2021 మేలో మిశ్రమ బోధన మీద ఇచ్చిన నోట్ ప్రకారం ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చు. ఆ నలభై ఏదన్నదే తేల్చుకోవాలి. థియరీ అంతా ఆన్‌లైన్, ప్రాక్టికల్ అంతా గ్రౌండ్ అని సగానికి కోసేస్తే టైమ్‌టేబుల్ సులువుగా వస్తుంది, చదువు మాత్రం అతకదు. అనాటమీ పాఠం ఫోన్‌లో విని, గ్రౌండ్‌లో మళ్లీ మొదటి నుంచి వినేవాడికి ఆ రెండింటికీ సంబంధమే తెలియదు.

విడదీయాల్సిన పద్ధతి వేరు. ఒకరు ఒకసారి వింటే చాలు, ఇంకొకరు పదిసార్లు వినాల్సి వస్తుంది అనేదాన్ని ఫోన్‌లోకి పంపాలి. తప్పు చేసినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండి తీరాలి అనేదాన్ని గ్రౌండ్‌లో ఉంచాలి. కబడ్డీలో మగవారి కోర్టు 13 మీటర్లకు 10 మీటర్లు, మధ్యగీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, దానికి మీటరు అవతల బోనస్ లైన్ అని ఎండలో నిలబెట్టి యాభై మందికి అరిచి చెప్పడం ఎవరికీ లాభం లేదు. వెనక వరుసలో ఉన్నవాళ్లకు అది వినపడదు కూడా. అదే లెక్చరర్ తన గొంతుతో, తన కాలేజీ గ్రౌండ్‌లోనే ఎనిమిది నిమిషాల వీడియో తీసి ముందురోజు రాత్రి పంపితే, తెల్లారి గ్రౌండ్‌లో మాటలతో పనిలేదు, నేరుగా తాడు పట్టుకోవచ్చు. ఎక్కడో విదేశీ స్టేడియంలో తీసిన వీడియోల కన్నా ఇదే మేలు. నీలిరంగు సింథటిక్ ట్రాక్ మీద చూపించేది ఎర్రమట్టి గ్రౌండ్‌లో నిలబడ్డవాడికి సగమే పనికొస్తుంది.

ఒంటి కదలికలు ఎలా అలవడతాయో చెప్పే మోటార్ లెర్నింగ్‌లో ఫిట్స్, పోస్నర్ 1967లో చెప్పిన మూడు దశలు దీనికి బాగా అతుకుతాయి. మొదటి దశలో ఏం చేయాలో బుర్రకు అర్థమవుతుంది. రెండోదాంట్లో చేస్తూ తప్పులు తగ్గించుకుంటారు. మూడోదాంట్లో ఆలోచించకుండానే ఒళ్లు చేసేస్తుంది. వీడియో మొదటి దశకు బలంగా సాయపడుతుంది, రెండోదానికి కొద్దిగా, మూడోదానికి దాదాపు ఏమీ లేదు. హర్డిల్ దాటే వీడియో వందసార్లు చూసినవాడికి హర్డిల్ గురించి మాట్లాడటం వస్తుంది.

ఒక ట్రాక్ కథ

ఇవన్నీ గాలిలో మాటల్లా ఉండకుండా ఒక ప్రాజెక్టును దగ్గరగా చూద్దాం. చంద్రగిరి పక్కన ఒక హైస్కూలు అనుకుందాం. గ్రౌండ్ వంద మీటర్ల పొడవు, అరవై మీటర్ల వెడల్పు. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవానికి అక్కడ పరుగు పందేలు పెట్టాలి. ఆరుగురు బీపీఈడీ విద్యార్థుల టీముకు ఇచ్చిన పని: ఈ గ్రౌండ్‌లో ఆరు లేన్ల ట్రాక్ వేయండి.

డీఎస్సీ బిట్లు చదివిన ఎవరినడిగినా 400 మీటర్ల ట్రాక్ కొలతలు నిద్రలో లేపినా చెబుతారు. వ్యాసార్థం 36.50, స్ట్రెయిట్ 84.39, లేన్ వెడల్పు 1.22. కానీ ఎనిమిది లేన్లతో ఆ ట్రాక్ పట్టాలంటే దాదాపు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు స్థలం కావాలి. ఈ స్కూల్లో అది లేదు. మామూలు ప్రభుత్వ స్కూళ్లలో ఉండదు కూడా. బట్టీపట్టిన మూడు అంకెలూ ఇక్కడ చెల్లవు. ప్రాజెక్టు అసలు ఇక్కడ మొదలవుతుంది.

200 మీటర్ల ట్రాక్ వేయాలి. స్ట్రెయిట్‌లు చెరో 40 మీటర్లు అనుకుంటే 80 పోయి వంపులకు 120 మీటర్లు మిగులుతాయి. రెండు అర్ధవృత్తాలు కలిస్తే ఒక పూర్తి వృత్తం. కాబట్టి 120ని 6.2832తో (అంటే 2πతో) భాగిస్తే 19.10 మీటర్లు. ఇది పరుగెత్తేవాడి అడుగులు పడే దారి వ్యాసార్థం. గీత గీసే వ్యాసార్థం ఇది కాదు. కర్బ్ (లోపలి అంచున ఉండే చిన్న గట్టు) లేని సున్నపు గీతకు 20 సెంటీమీటర్ల అవతల నుంచి దూరం కొలుస్తారు కాబట్టి, గీత 18.90 మీటర్ల దగ్గర పడాలి. ఆరు లేన్లు కలుపుకుంటే మొత్తం 92.44 మీటర్ల పొడవు, 52.44 మీటర్ల వెడల్పు. వంద, అరవై గ్రౌండ్‌లో చుట్టూ కాస్త ఖాళీతో సరిపోతుంది.

ఈ లెక్కంతా ఇంట్లో, ఫోన్‌లో, రాత్రి తొమ్మిదింటికి చేయదగ్గదే. మెలిక ఏమిటంటే, పక్క టీముకు పాకాల దగ్గరి స్కూలు గ్రౌండ్ కొలతలు, మూడో టీముకు శ్రీకాళహస్తి వైపు గ్రౌండ్ కొలతలు ఇవ్వాలి. అప్పుడు జవాబు వాట్సాప్‌లో తిప్పుకోవడం కుదరదు. పద్ధతి ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు, అంకెలు మాత్రం ఎవరివి వాళ్లు తేల్చుకోవాల్సిందే. కాపీని తిట్టి ఆపడం కన్నా ఈ దారి తేలిక.

తర్వాత స్టాగర్. ఒక పూర్తి రౌండు లేన్లలోనే పరుగెత్తే పందెంలో బయటి లేన్‌వాళ్లను ఎంత ముందు నిలబెట్టాలి? లేన్ వెడల్పు 1.22ను 6.2832తో గుణిస్తే 7.67 మీటర్లు వస్తుంది. ఒక్కో లేన్‌కూ అంతే. ఇక్కడ కొందరు ఆగి ఆలోచిస్తారు: ఈ లెక్కలో వ్యాసార్థం ఏది? ఎక్కడా లేదు! ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా, ఒక రౌండుకు ఒక లేన్‌కు స్టాగర్ అదే. 400 మీటర్ల ట్రాక్‌లో మొదటి లేన్‌కు కర్బ్ ఉండి 30 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు కాబట్టి రెండో లేన్‌కు మాత్రం 7.04 అవుతుంది, ఆ పైన మళ్లీ 7.67 చొప్పున పెరుగుతుంది. పట్టికలో 7.04, 14.70 అని బట్టీపట్టినప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టదు. తన స్కూలు గ్రౌండ్‌కు తనే లెక్క వేసుకుంటే తడుతుంది. ఇదే 200 మీటర్ల ట్రాక్ మీద రెండు రౌండ్లూ లేన్లలోనే పరుగెత్తిస్తే స్టాగర్ రెట్టింపు కావాలని ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక గ్రౌండ్. లెక్క ఎంత సరిగ్గా ఉన్నా తాడు మోసం చేస్తుంది. నైలాన్ తాడు లాగినకొద్దీ సాగుతుంది. పది సెంటీమీటర్లు సాగితే ఒక రౌండు 63 సెంటీమీటర్లు పెరిగిపోతుంది. స్టీలు టేపు దొరక్కపోతే సాగని తాడు తెచ్చుకోవాలి, గీసేముందు, గీసిన తర్వాత దాన్ని కొలవాలి. నాలుగు మూలలూ లంబంగా రావాలి. ఇంటికి ముగ్గు పోసే మేస్త్రీ 3, 4, 5 అడుగుల మూలమట్టంతో చేసే పనే ఇది, కాకపోతే మీటర్లలో. స్ట్రెయిట్‌ల మధ్య దీర్ఘచతురస్రం 40, 37.80 మీటర్లు కాబట్టి రెండు కర్ణాలూ 55 మీటర్ల 3 సెంటీమీటర్లకు కాస్త పైన రావాలి. ఒకటి 55, ఇంకొకటి 54.60 వచ్చిందంటే ఎక్కడో మేకు జరిగింది. మళ్లీ మొదటి నుంచి. ఈ 'మళ్లీ మొదటి నుంచి' దగ్గరే విద్యార్థి నేర్చుకుంటాడు, రికార్డులో దీనికి గడి ఉండదు. (పొడి సున్నం చేతులనూ కళ్లనూ కాలుస్తుంది, ముగ్గుపిండితో ఆ బాధ లేదు. ఇలాంటివి కూడా ఒకసారి గీసినవాడికే గుర్తుంటాయి.)

అన్నీ అయ్యాక రెండో టీము వచ్చి టేపు పెట్టి కొలుస్తుంది. తర్వాత స్కూలు పిల్లలు పరుగెత్తుతారు. నాలుగో లేన్ పిల్లవాడు, ‘సార్, నన్నెందుకు ముందు నిలబెట్టారు, వాళ్లు ఏడవరా?’ అని అడుగుతాడు. వాడికి అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగినవాడికి స్టాగర్ వచ్చినట్టు.

సెకనులో మూడు పదోవంతులు ఎక్కడ పోయాయి

ఇంత పెద్ద ప్రాజెక్టులే ఉండాలని లేదు. రెండు రోజుల్లో అయ్యేవి కూడా చాలా నేర్పుతాయి. వంద మీటర్ల పరుగును చేతి గడియారంతో కొలవడం అలాంటిదే. స్టార్ట్ దగ్గర రెండు చెక్కల క్లాపర్ మోగుతుంది, ఫినిష్ దగ్గర టైమర్ బటన్ నొక్కుతాడు. చప్పుడు విని నొక్కాలా, క్లాపర్ కలవడం చూసి నొక్కాలా? చూసి నొక్కాలని పుస్తకంలో ఉంటుంది. ఎందుకో చాలామందికి తెలియదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, వంద మీటర్లు దాటడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. విని నొక్కినవాడి గడియారంలో పరుగు అంత తక్కువగా కనిపిస్తుంది. పదమూడున్నర సెకన్ల పిల్ల కాగితం మీద 13.2 అవుతుంది.

విద్యార్థులను ఆరేసి మందిగా విడదీసి, ఒక గుంపును చూసి, ఇంకో గుంపును విని నొక్కమంటే పది పరుగుల్లో తేడా బయటపడుతుంది. చేతి వేగం అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి అంకెలు చెదురుమదురుగా ఉంటాయి. సగటు తీయాల్సి వస్తుంది. అలా స్టాటిస్టిక్స్ పేపర్లో భయపెట్టిన సగటు, విచలనం ఇక్కడ చేతికి పనికొచ్చే వస్తువులవుతాయి. చేతి గడియారం 13.32 చూపిస్తే దాన్ని 13.4గా, అంటే పైనున్న పదోవంతుకు రాయాలన్న నియమం ఎందుకు పెట్టారో కూడా అప్పుడే తెలిసివస్తుంది.

షాట్‌పుట్‌లో గుండు పడాల్సిన సెక్టార్ కోణం 34.92 డిగ్రీలు అని అందరికీ తెలుసు. దానికి కోణమానిని అక్కర్లేదు. 2.135 మీటర్ల వృత్తం మధ్య నుంచి 20 మీటర్ల దగ్గర రెండు గీతల మధ్య దూరం 12 మీటర్లు ఉండేలా చూసుకుంటే చాలు. ఈ ఒక్క వాక్యం వీడియోలో చెప్పి, గీయడం గ్రౌండ్‌కు వదిలేయవచ్చు.

కెమెరా ఎప్పుడు తీయాలి

స్లో మోషన్ వీడియో విషయంలో ఉత్సాహం, జాగ్రత్త రెండూ కావాలి. మామూలు ఫోన్ వీడియో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. వేగంగా పరుగెత్తేటప్పుడు పాదం నేల మీద ఉండేది సెకనులో పదోవంతు దగ్గర. అంటే మూడే ఫ్రేములు. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో అదే పని 24 ఫ్రేములవుతుంది. పాదం ఒంటికి ఎంత ముందు పడుతోంది, మడమ తాకుతోందా, తుంటి కిందికి జారుతోందా అన్నవి కనిపిస్తాయి. కినోవియా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కాలేజీ కంప్యూటర్లో ఉంటే కోణాలు కూడా కొలుచుకోవచ్చు. ఫోన్‌ను పక్క నుంచి, తుంటి ఎత్తులో, కదలకుండా పెట్టాలి. ఏటవాలుగా తీసిన వీడియోలో కొలిచిన కోణం అబద్ధం చెబుతుంది.

జాగ్రత్త దగ్గరికి వస్తే, నేర్చుకునేవాడికి ప్రతి ప్రయత్నం తర్వాతా తప్పు చూపిస్తూ పోతే ఆ కాసేపు బాగా చేస్తాడు, రెండు రోజుల తర్వాత చూస్తే మొదటికి వస్తుంది. చూపించేవాళ్ల మీద ఆధారపడతాడు, తన ఒంటి మాట వినడం మానేస్తాడు. మోటార్ లెర్నింగ్ పరిశోధకులు 1980ల నుంచీ ఈ సంగతి చెబుతూ వస్తున్నారు. కాబట్టి ప్రతి త్రో తర్వాతా ఫోన్ చుట్టూ గుంపుగా మూగడం నేర్పు కాదు. మూడు నాలుగు త్రోలకు ఒకసారి, అది కూడా ‘నీకేమనిపించింది?’ అని ముందు అడిగి, ఆ తర్వాత వీడియో చూపాలి. తన అంచనాకూ వీడియోకూ మధ్య తేడా విద్యార్థి తనే పట్టుకోవాలి. రేపు స్కూల్లో అరవై మంది పిల్లల ముందు కెమెరా ఉండదు, కన్ను మాత్రమే ఉంటుంది. వీడియో ప్రాజెక్టు ఆ కన్నును తయారు చేయడానికే.

పిల్లలను వీడియో తీయడం ఇంకో మాట. స్కూలు పిల్లలైతే హెచ్‌ఎం అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేకుండా ఫోన్ బయటికి తీయకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. చట్టం సంగతి అటుంచినా, ఎనిమిదో తరగతి ఆడపిల్ల పరుగెత్తే వీడియో బీపీఈడీ వాట్సాప్ గ్రూపులో తిరగడం ఏ ఊళ్లోనైనా గొడవకే దారి. ముఖం లేకుండా నడుం కింది భాగం తీసినా విశ్లేషణకు సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే, ఆ ఫ్రేమ్ ఇంకా ఇబ్బంది. ఒకరినొకరు తీసుకోవడం, స్కూలు పిల్లలను కంటితోనే చూడటం మంచి పద్ధతి. ఖేలో ఇండియా తరహా ఫిట్‌నెస్ పరీక్షల ప్రాజెక్టులోనూ ఇదే జాగ్రత్త ఉండాలి. 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, సిట్ అండ్ రీచ్ అంకెలను బోర్డు మీద రాసినా పర్వాలేదు గానీ, బరువు, బీఎంఐ అందరి ముందూ చదివితే ఆ పిల్ల మరుసటి రోజు గ్రౌండ్‌కు రాదు.

వాన, ఎండ, ఒంటిపూట బడి

తిరుపతి చుట్టుపక్కల ప్రాజెక్టు వేసేవాళ్లు ముందు చూడాల్సింది క్యాలెండర్. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో ఇంకా ఎవరూ మరచిపోలేదు. ఆ నెలల్లో మట్టి గ్రౌండ్ మీద గీత నిలవదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్‌లో పది దాటితే గ్రౌండ్‌లో నిలబడలేం.

కాబట్టి జులైలో లెక్క, ఆగస్టులో గీత, క్రీడా దినోత్సవానికి పోటీ, వానల నెలల్లో తీసిపెట్టుకున్న వీడియోల విశ్లేషణ, ఫిక్చర్లు, శిక్షణ ప్రణాళిక రాయడం, జనవరి, ఫిబ్రవరిలో మళ్లీ గ్రౌండ్. ఫోన్ పాఠానికీ గ్రౌండ్ పనికీ వాటాలు అన్ని నెలలకూ ఒకేలా ఉండనక్కర్లేదు. నవంబరులో మూడొంతులు ఫోన్‌లో, ఆగస్టులో పదోవంతు. యూజీసీ చెప్పిన 40 శాతం సెమిస్టర్ మొత్తానికి సరిపోతే చాలు.

పోటీ నిర్వహణ ప్రాజెక్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది అందరికీ ఎంతో కొంత అలవాటే. ఒక్క లెక్క చాలు: పదకొండు టీములొస్తే నాకౌట్‌లో 10 మ్యాచ్‌లు, ఐదు బైలు (మొదటి రౌండు ఆడకుండానే ముందుకు వెళ్లే టీములు). అదే లీగ్ అయితే 55 మ్యాచ్‌లు. హెచ్‌ఎం ఇచ్చింది ఒక్క శనివారం. ఏది పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ ఒక్క మ్యాచ్‌లో ఓడిపోయి మధ్యాహ్నం పల్లె వెలుగు బస్సెక్కి వెళ్లిపోయే పిల్లల ముఖాలు చూశాక, రెండు గుంపులుగా చేసి ఒక్కో టీముకు కనీసం మూడు మ్యాచ్‌లు దక్కేలా ఎలా అని ఆలోచన మొదలవుతుంది.

తిరుపతిలో ఎండ్యూరెన్స్ మీద ప్రాజెక్టు చేయమంటే ఎవరో ఒకరు అలిపిరి మెట్లు అనక మానరు. 3,550 మెట్లున్నాయి, ఊహ సహజమే. కానీ అది భక్తులు నడిచే దారి, పరిశోధనశాల కాదు. గోవిందా అంటూ ఎక్కేవాళ్ల మధ్య స్టాప్‌వాచ్ పట్టుకుని నాడి లెక్కపెట్టడం బాగోదు, పైగా ఏ ఇద్దరి వేగమూ ఒకేలా ఉండదు కాబట్టి అంకెలు పోల్చడానికి పనికిరావు. ఇరవై అంగుళాల బెంచీ ఒకటి, నిమిషానికి 30 సార్లు దాన్ని ఎక్కి దిగే లయ ఒకటి ఉంటే హార్వర్డ్ స్టెప్ టెస్ట్ కాలేజీ వరండాలోనే అయిపోతుంది.

మార్కులు ఎలా

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంత పని చేయించి, చివర్లో ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) వచ్చి రికార్డు పేజీలు తిప్పి మార్కులు వేస్తే, వచ్చే బ్యాచ్ తాడు పట్టుకోదు, సీనియర్ రికార్డు పట్టుకుంటుంది. విద్యార్థి ఏది కొలుస్తారో దాన్నే చేస్తాడు, అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

ప్రాజెక్టును కొలిచే మార్గం ప్రాజెక్టులోనే ఉంది. ట్రాక్‌ను ఇంకో టీము కొలిచినప్పుడు ఎంత తేడా వచ్చింది? ఫిట్‌నెస్ పరీక్షను రెండు రోజుల తర్వాత మళ్లీ చేస్తే అవే పిల్లలకు అవే అంకెలు వచ్చాయా? పోటీ చెప్పిన టైముకు మొదలైందా? ఇవి వాదనకు తావులేని విషయాలు. రికార్డు బదులు పని డైరీ ఉండాలి, అందులో తప్పులు తప్పనిసరిగా ఉండాలి. తప్పు ఒక్కటీ లేని డైరీ గ్రౌండ్‌లో రాసింది కాదని ఏ లెక్చరర్‌కైనా తెలుస్తుంది.

టీములో ఇద్దరు పనిచేసి నలుగురు ఫొటోలో నిలబడటం ప్రతిచోటా ఉన్నదే. దానికి ఉపన్యాసాలు అక్కర్లేదు. వైవాను గదిలో కాకుండా గ్రౌండ్‌లో పెట్టి, టీములో ఎవరో ఒకరిని అప్పటికప్పుడు పిలిచి తాడు చేతికిచ్చి, ‘ఐదో లేన్ స్టార్ట్ ఎక్కడ?’ అంటే చాలు. ఆ ఒక్కరి మార్కే టీము మొత్తానికి అని ముందే చెబితే, ముందురోజు రాత్రి పనిచేసిన ఇద్దరూ మిగిలిన నలుగురికి కూర్చోబెట్టి నేర్పుతారు. ఇలా ఒకరి తప్పు అందరి మీద వేయడం అన్యాయమనే వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. సగం మార్కులు టీముకు, సగం ఎవరివి వాళ్లకు అన్నది నడిచే రాజీ.

కుదరని చోట్లు

అన్నిటినీ ఈ అచ్చులో పోయలేం. జావెలిన్, డిస్కస్, జిమ్నాస్టిక్స్‌లో వాల్ట్, టంబ్లింగ్ లాంటివి వీడియో చూసి టీముగా వెళ్లి నేర్చుకోమనడం ప్రమాదం. పక్కన నిలబడి పట్టుకునే చేయి, ‘ఆగు’ అనే గొంతు ఉండి తీరాలి. అక్కడ పాత పద్ధతే సరైనది: లెక్చరర్ ముందు, వరుసగా, ఒకరి తర్వాత ఒకరు.

సిగ్నల్ అందని ఊళ్లున్నాయి. పలమనేరు, కుప్పం అడవి అంచు పల్లెల నుంచి వచ్చే విద్యార్థి ఆదివారం ఇంటికి వెళితే వీడియో తెరుచుకోదు. అందుకే పాఠాలు లైవ్‌గా కాకుండా డౌన్‌లోడ్ చేసుకునేలా, చిన్న సైజులో ఉండాలి. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి అది తమ్ముడి చేతిలో ఉండే అమ్మాయిల సంగతి కూడా చూసుకోవాలి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల హాస్టల్లో ఉండే అమ్మాయిలకు ఫోన్ పాఠం వీలే, వాళ్లకు చిక్కు ప్రాజెక్టు కోసం పల్లె స్కూలుకు వెళ్లి పొద్దుగూకేలోపు తిరిగి రావడం. ప్రాజెక్టు స్కూలును బస్సు దారిలోనే ఎంచుకోవడం, టీముగా పంపడం లాంటి చిన్న ఏర్పాట్లు లేకపోతే మంచి ప్రాజెక్టులన్నీ అబ్బాయిల పేర్ల మీదే కనిపిస్తాయి.

లెక్చరర్‌కు పని తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకూడదు. మొదటి ఏడాది వీడియోలు తీయడం, స్కూళ్లతో మాట్లాడటం, ఎనిమిది గ్రౌండ్లు తిరిగి చూడటంతో పని రెట్టింపవుతుంది. రెండో ఏడాది వీడియోలు ఉంటాయి కాబట్టి కాస్త తేలిక.

స్కూలు వైపు నుంచి చూస్తే ఇంకో ప్రశ్న ఉంది. టీము వచ్చింది, ట్రాక్ గీసింది, ఫొటోలు దిగింది, వెళ్లిపోయింది. అక్టోబరు వానకు గీత కొట్టుకుపోయింది. మళ్లీ ఎవరు గీయాలి? అక్కడి పీఈటీ సార్ ఒక్కరే, ఆయనకు ఆరుగురు మనుషులు లేరు. అందుకే ప్రాజెక్టు చివరి పని గీత కాదు, మేకులు. రెండు వంపుల కేంద్రాల దగ్గర, స్ట్రెయిట్‌లు వంపుల్లో కలిసే నాలుగు చోట్ల ఇనుప మేకులు నేలమట్టానికి పాతి, ఆడేవాళ్ల కాళ్లకు తగలకుండా మట్టి కప్పి, వాటి స్థానాలను స్కూలు గోడ మూల నుంచి కొలిచి ఒక కాగితం మీద రాయాలి. ఆ కాగితం హెచ్‌ఎం గదిలో బీరువా తలుపు లోపలివైపు అతికించాలి. అది ఉంటే, వానలు వెలిశాక ఒక మనిషి, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు, లేన్ల వ్యాసార్థాలు గుర్తుపెట్టిన తాడు, రెండు బస్తాల ముగ్గుపిండితో పని అవుతుంది. మరుసటి జులైలో వచ్చే కొత్త టీముకు ఇచ్చే మొదటి పని ఆ మేకులు ఇంకా ఉన్నాయో లేదో తవ్వి చూడటం.